ముళ్ళ మామ్మ

పెద్ద మనవడి గొంతులో చేపముల్లు గుచ్చుకున్న రోజున ఆ ముక్క పెట్టింది పెద్దకొడుకైతే, నింద మాత్రం మామ్మకు వడ్డించారు. తానే పెట్టానని పెద్దకొడుకు ఒప్పుకోలేదు. అప్పటినుంచి ఆమె ముళ్ళ మామ్మ అయింది; పసిపిల్లల గిన్నె మళ్ళీ ఆమె చేతికి రాలేదు. అయినా వంటగదిలో పీట మీద కూర్చుని పెద్దవాళ్ళ చేపల్లో ముళ్ళు ఏరుతూనే ఉంది. ఏరేముందు కళ్ళద్దాలు తీసేస్తుంది. కళ్ళు మోసం చేస్తాయిగానీ వేళ్ళు చేయవని ఆమె నమ్మకం.

చిన్నకోడలి బిడ్డకు ఏడో నెల వచ్చింది. చేపకొవ్వు మెదడుకు మంచిదనీ, చేపను మెత్తగా చిదిమి అన్నంలో కలిపి పెట్టమనీ డాక్టరమ్మ చెప్పింది. కోడలికి చెయ్యాడలేదు. చివరికి గిన్నె తెచ్చి, "అత్తయ్యా, నాకు భయంగా ఉంది. మీరే పెట్టండి" అంది.

మామ్మ కళ్ళద్దాలు తీసింది. చేపను రేకురేకునా బొటనవేలితో తడిమి, అన్నంలో మెదిపి, గోరంత ముద్ద పెట్టింది. బిడ్డ చప్పరించి మళ్ళీ నోరు తెరిచింది.

మొన్న పెద్దకొడుకు వచ్చి కంచం ముందు కూర్చున్నాడు.

"అమ్మా, నాకూ ముళ్ళు తీసిపెట్టవే."

మామ్మ ఒళ్ళోని బిడ్డ మూతి తుడుస్తూ నవ్వింది.

"నీ ముళ్ళు నువ్వే ఏరుకోరా. నా చేతులు ఖాళీ లేవు."