ఎవరూ తిప్పి చూడని చేప

మా అమ్మ పంపిన చేపను పెంటదిబ్బలో పూడ్చింది నేనే. ఈ ఒక్క ముక్క చెప్పడానికి నాకింత ముసలితనం రావలసి వచ్చింది.

మాది సముద్రపు ఒడ్డు. నన్నిచ్చింది మార్కాపురానికీ దొనకొండకూ నడుమ, నీళ్లంటే బావిలోవి తప్ప ఎరగని మెట్ట ఊరికి. అప్పుడది కర్నూలు జిల్లా, పైన మద్రాసు దొరలు, ఊళ్లో మునసబు. ఆ మునసబే మా మామగారు. తొలి కాన్పు దగ్గర పడేసరికి అమ్మ మంచాన పడింది, పురిటికి పుట్టింటికి పోయే రాత లేకపోయింది. సొరచేప తింటే బాలింతకు పాలు పడతాయని మా వైపు నమ్మకం. ఆ రోజుల్లో సొర దొరకలేదేమో, దాని దాయాది లాంటి చేపనొకదాన్ని నిలువునా ఎండబెట్టి, మా చిన్నాన్న చేత రైల్లో పంపింది. ఆయన ఆ మూటను గుట్టుగా నా చేతిలో పెట్టి వెళ్లిపోయాడు.

మా అత్త చూస్తే "మా ఇంట్లో తిండికి కరువొచ్చిందనా?" అంటుంది. అందుకే గాదె వెనక దాచాను. నిండు నెలలు, ఆ కంపు తగిలితే చాలు, కడుపులో దేవేది. మూడోనాడు తెల్లవారుతూనే దిబ్బలో పూడ్చి వచ్చాను.

పొద్దెక్కేసరికి కుక్క దాన్ని దిబ్బలోంచి తవ్వి వీధిలోకి ఈడ్చుకొచ్చింది. వెల్లకిలా పడి ఉంది. తెల్లటి కడుపు, పైన రెండు ఏటవాలు కళ్లు, కింద ఇకిలించిన నోరు, అచ్చం చంటిబిడ్డ మొహం. కాళ్లు లేవు, తోక ఉంది. ఆడవాళ్లు కెవ్వుమన్నారు. అదేమిటో తెలిసిన నాకే ఒళ్లు జలదరించింది.

వారం కిందటే ఒక ఇంట్లో బిడ్డ పుడుతూనే పోయింది. కాన్పు చేసింది చర్చి పక్క పల్లెలో ఉండే మంత్రసాని అవ్వ. బోడిగుండుకూ మోకాలికీ ముడిపెట్టడానికి ఎంతసేపు! చేతబడి చేసి బిడ్డను ఇట్లా మార్చింది, దిబ్బలో పూడ్చింది అన్నారు. అవ్వను రెక్క పట్టి లాక్కొచ్చి మా అరుగు ముందు కూలేశారు.

"పళ్లు రాలగొడితే మంత్రం పలకదు. గుండ్రాయి తెండ్రా," అన్నాడు మామ. గొంతులో కోపమైనా లేదు, శిస్తు అడిగినట్టే అన్నాడు. నాకు ఆ నెమ్మదికే ఎక్కువ భయమేసింది.

అవ్వ నోరు విప్పలేదు. తలుపు చాటున ఉన్న నా వైపు ఒక్కసారి చూసి తల దించుకుంది. నిజం చెబితే నన్నేం చేస్తారు? పుట్టబోయే బిడ్డనేమంటారు? రాయి వచ్చింది. ఇద్దరు ఆమె దవడలు పట్టుకున్నారు.

"అది చేప!" అని అరిచాను. మామ ఎదుట నేను నోరెత్తడం అదే మొదలు.

"ఏందీ?"

"చేప మామయ్యా. బోర్లా తిప్పి చూడండి."

ఒక్కరూ ముట్టలేదు. నిండు కడుపుతో నేనే వంగి తిప్పాను. "మీరు కళ్లనుకున్నవి ముక్కు రంధ్రాలు. అసలు కళ్లు ఇవిగో, వీపు మీద. ఈ ముళ్ల వరుస చూడండి, ఈ తెల్ల చుక్కలు. ముందు సగం టేకు చేపలా పలకగా ఉంటుంది, వెనక సగం సొరలా. మా ఒడ్డున వలల్లో పడతాయి."

మామ కర్రతో కదిలించి చూసి, రాయి పక్కన పెట్టించాడు. అత్త మాత్రం ఊరుకోలేదు. "సముద్రంలోది మన దిబ్బలోకి ఎట్ల వచ్చినాది?"

"సంతకొచ్చిన వాళ్లెవరో పారేసి ఉంటారత్తయ్యా." తడుముకోకుండా వచ్చింది అబద్ధం.

చేపను కాల్చేశారు. అవ్వను పొమ్మన్నారు. తప్పయిందని ఒక్కరూ అనలేదు.

పది రోజులకు నాకు నొప్పులొస్తే మళ్లీ ఆ అవ్వనే పిలిచారు. చుట్టుపక్కల ఇంకొకరు లేరు మరి. నొప్పుల కంటే, నా మూలాన అంత పడ్డ ఆమె చేతుల్లో పడటానికే భయపడ్డాను. బిడ్డను నా పక్కన పడుకోబెట్టి, అత్త వేన్నీళ్లకు పోయిన సందు చూసుకుని చెవి దగ్గరకు వంగింది.

"ఆ పొద్దు నువ్వు దిబ్బలో పూడ్చేది నేను చూసినా తల్లీ."

"మరి చెప్పలేదేం అవ్వా?"

"చెప్పింటే నీ కడుపులో బిడ్డనే దయ్యమంటారు గదా. నా పళ్లదేముంది, ముసిల్దాన్ని."

ఆమె మళ్లీ ఎన్నడూ ఆ ఊసెత్తలేదు. ఆమె పోయేదాకా ఊళ్లో కొందరు ఆమె ఎదురొస్తే తలుపులు వేసుకుంటూనే ఉన్నారు. నా బిడ్డను చంకనెత్తుకుని నేను చూస్తూ ఊరుకున్నాను.