పన్నెండో మైలు మలుపులో నాట్ గూడు

ఊ ఫో చాన్ దేవుడంటే భయమున్న మనిషి. అలాంటివాడు ఏడేళ్లపాటు దేవుడి పేరు మీద అబద్ధమాడాడు. ఆ అబద్ధమే లేకపోతే ఇవాళ నేను ఇలా కిళ్లీ నములుతూ ఈ నాలుగు ముక్కలు రాసేదాన్ని కాదు.

మా బ్రాంచి రైలు లైనులో పట్టాలు బాగుచేసే గ్యాంగుకు ఆయన మేస్త్రీ. పొట్టివాడు, మాట పెళుసు. పట్టాల మీద మేకలు కనిపిస్తే మేకల్ని ఏమీ అనడు, వాటి యజమాని ఏడు తరాలనూ దులిపేస్తాడు. నేను ఇన్‌గోన్ బడిలో పాఠాలు చెప్పడానికి ఆ రైల్లోనే వెళ్లేదాన్ని. పన్నెండో మైలు దగ్గర వాగు పైన, ఎత్తైన గట్టు మీద లైను మలుపు తిరుగుతుంది. ఓసారి బండి అక్కడ ఆగితే దిగి, గొడుగు మొనతో పట్టాల కింది కర్ర స్లీపరును పొడిచి చూశాను. పిడికెడు పొట్టు రాలింది. మేకులైతే చేత్తో లాగితే ఊడివచ్చేవి.

కొత్త స్లీపర్లు పంపండని ఆయన చెబుతుంటే పైవాళ్లకు అర్జీలు రాసిపెట్టింది నేనే. ఒక్కదానికీ జవాబు రాలేదు. ‘నెమ్మదిగా పోవలెను’ అని బోర్డు పాతితే, అసలే ఆలస్యంగా వచ్చే డ్రైవర్లు దాన్ని లెక్కచేయలేదు. ఆఖరికి ఎవరో పీక్కుపోయి కోళ్లగూటికి తలుపు చేసుకున్నారు. రెండు వానాకాలాల్లో రెండు గూడ్సు బళ్లు అక్కడ పట్టాలు తప్పాయి.

అప్పుడాయన బజారునుంచి నాట్ అనే దేవుణ్ణి ఉంచే వెదురు గూడొకటి తెచ్చి మలుపులో చెట్టుకు కట్టాడు. ఎర్రగుడ్డ చుట్టి కొబ్బరికాయ పెట్టాడు.

"నాట్ కల్లో కనబడ్డాడు. నా గుమ్మం ముందు మనిషి నడకకన్నా జోరుగా పోతే ఊరుకోనన్నాడు" అని ఊరంతా చెప్పాడు.

దుర్మరణం పాలై నాట్‌లైన ఆ కోపిష్టి దేవుళ్లంటే మా డ్రైవర్లకు హడలు. మర్నాటినుంచి ప్రతి బండీ మలుపు దగ్గరకు రాగానే కూతవేసి, నేరేడు రెమ్మ ఒకటి విసిరి, పాకుతూ పోయేది. ఏడేళ్లలో ఒక్క చక్రం కూడా కిందికి దిగలేదు.

నిజం నాకొక్కదానికే తెలుసు. ఓ మధ్యాహ్నం అర్జీ రాయించుకోవడానికి వచ్చి, "టీచరమ్మా, నాకు ఏ కలా రాలేదు" అన్నాడు.

"మరి నాట్ కనబడ్డాడన్నావు?"

"వాళ్ల పేరు చెప్పి అబద్ధమాడాక కంటిమీద కునుకు ఉంటేగా! ఏ నాట్ వచ్చి మెడ విరుస్తాడోనని చస్తున్నా."

నేను నవ్వాను. ఆయన నవ్వలేదు. ఆయన భార్య డా మ్యా త్విన్ మాత్రం, తన మొగుడికి నాట్ కనబడ్డాడని తలెత్తుకు తిరిగేది. ప్రతి పౌర్ణమికీ ఆ గూటికి పూలు పెట్టేది.

ఏడో ఏట వానలు మొదలయ్యే సమయానికి కొత్త డ్రైవరు వచ్చాడు. సా లెర్‌మూ అనే కరెన్ తెగ కుర్రవాడు. ఇంజను రొదకు చెవులు సగం పోయాయి. మొదటిరోజే మలుపులో బండిని బాణంలా దూసుకుపోనిచ్చాడు. పట్టా పైకి లేచి మళ్లీ కూర్చోవడం గట్టుమీదున్న ఫో చాన్ కళ్లారా చూశాడు. ఆ శనివారమే స్టేషను పక్క టీకొట్టులో అతన్ని పట్టుకున్నాడు. నేను పక్కబల్ల దగ్గరే ఉన్నాను.

"బాబూ, పన్నెండో మైల్లో కాస్త నెమ్మదిగా పోవయ్యా."

"పెద్దాయనా, నేను చర్చికెళ్లేవాణ్ణి. మీ నాట్‌కి నేనెందుకు మొక్కాలి?"

ఫో చాన్ అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "మొక్కొద్దు. అక్కడ నాట్ లేడు."

"ఏంటీ?"

"నాట్ లేడంటున్నా."

"ఎవరు లేరూ?"

ఇక ఆయన లేచి నిలబడ్డాడు. "నాట్ లేడు! ఆ గూడు నేనే కట్టా! స్లీపర్లు పుచ్చిపోయాయిరా నాయనా, జనం చస్తారు!"

మూల కూర్చున్న పాత డ్రైవరొకడు, "అయితే మేస్త్రీ, ఇన్నాళ్లూ నేను విసిరిన రెమ్మలన్నీ ఎవరికి?" అన్నాడు.

"పుచ్చిన కర్రలకి."

"ఆ ముక్క ముందే చెప్పొచ్చుగా" అన్నాడు లెర్‌మూ.

"చెబితే ఎవడు విన్నాడు?"

ఉద్యోగం పోతుందనుకున్నాడు ఫో చాన్. పరువు ఎలాగూ పోయింది. మ్యా త్విన్ రెండ్రోజులు మాట్లాడలేదు. అన్నం మాత్రం పెట్టింది, గిన్నెలు ఎత్తి కుదేస్తూ.

సోమవారం కుండపోత వాన. రైలు కిటకిటలాడుతోంది. మలుపు రాగానే లెర్‌మూ బండిని నడకలో పెట్టాడు. నేను ఊపిరి పీల్చుకునేలోపే కిందనుంచి కర్ర విరిగిన చప్పుడు. పెట్టె ఒక పక్కకు ఒరిగి, ఎవరిదో మొహింగా చేపపులుసు నా ఒళ్లో పడి, బండి ఆగిపోయింది. పట్టాలు విడిపోయి మూడు పెట్టెల చక్రాలు కంకరలో దిగబడ్డాయి. దిగి చూస్తే నా పెట్టె చక్రానికీ గట్టు అంచుకూ మధ్య రెండు జానలు. కింద వాగు ఎర్రగా పొంగుతోంది. అంతమందిలో ఒకరిద్దరికి నుదురు బొప్పికట్టడం తప్ప ఎవరికీ ఏమీ కాలేదు. అదే మొదటిరోజు జోరైతే మా శవాలు కూడా దొరికేవి కావు.

ఫో చాన్ లుంగీ ఎగగట్టి పరిగెత్తుకొచ్చాడు. "అందరూ దిగారా? అందరూ ఉన్నారా?" అంటూ పెట్టె పెట్టెకూ తల దూర్చి చూశాడు. ఆఖరి పెట్టె దాకా చూసి, కంకరలో కూలబడి వెక్కివెక్కి ఏడ్చాడు.

మా దగ్గర టీచరుకు ఊరంతా మోకరిల్లుతుంది. టీచరు మాత్రం బుద్ధుడికీ, భిక్షువులకీ, కన్నవాళ్లకీ, తన గురువులకీ తప్ప ఇంకెవరికీ మోకరిల్లదు. నేను ఆ బురదలో మోకాళ్లమీద కూర్చుని, నుదురు కంకరకు ఆనించి ఆయనకు మూడుసార్లు మొక్కాను.

ఆయన పాము మీద కాలేసినట్టు వెనక్కి జరిగాడు. "అయ్యో టీచరమ్మా, లేవండి! నాకు పాపం చుట్టుకుంటుంది. దేవుళ్ల పేరు చెప్పి అబద్ధమాడినవాణ్ణి!"

"ఆడావులే. ఆ అబద్ధం మీదే ఏడేళ్లు బడికెళ్లొచ్చాను. నోర్మూసుకుని దండం తీసుకో."