కొత్తలకు ముందు వండిన అన్నం

డెబ్బైల మొదట్లో మేం బర్మా నుంచి స్వదేశానికి తిరిగొచ్చామని అంతా అంటారు. అమ్మా నేనూ పుట్టింది అక్కడే. ఎన్నడూ చూడని చోటికి తిరిగి రావడం మా ఇంటికే చెల్లింది. నా చదువు సంగతంటారా, ఓడ ఎక్కేటప్పుడే దానికి దండం పెట్టేశాను.

టేకులపల్లి అవతల, అడవి అంచున, ఒక కోయ ఊరి పక్కన మాకు కాస్త భూమి దొరికింది. బర్మాలో పరాయి పొలాల్లో నడుం వంచిన నాన్నకు సొంత మడి అదే మొదటిది. ఎంత భూమి అని అడక్కండి, ఆయన చెప్పిన ప్రతిసారీ పెరిగేది. ఊరివాళ్ళకు మేం ‘బర్మావోళ్ళం’. అమ్మ బర్మా ఆడవాళ్ళలా లుంగీ కట్టుకుని నీళ్ళకు వెళ్తే ఆడవాళ్ళు ఊరుకునేవారు కాదు.

“ఏంది వదినా, అన్న లుంగీ గుంజుకున్నవా? పాపం, ఆయనేం కట్టుకున్నడు?”

నవ్వేవారే గాని, మా గడప తొక్కేవారు కాదు. నాన్నకు అదొక్కటే బెంగ. అందుకని తొందరగా పండే వడ్లు వేసి, ఊరందరికంటే ముందు కోశాడు. ఆ కొత్త బియ్యం పెద్ద గుండిగలో వండించి, చేపల పులుసు చేయించి, ఇంటింటికీ వెళ్ళి భోజనానికి పిలిచాడు.

వచ్చారు. దడి దాకా వచ్చి, అన్నం చూసి, అటునుంచి అటే వెనుదిరిగారు.

కోపమొస్తే నాన్నకు తాతలనాటి శ్రీకాకుళం యాస తన్నుకొచ్చేది. “ఒక్కలూ తినరేటే? సముద్రం దాటొచ్చినోలమని ఎలేసినారేటి? ఈ బూమొద్దు, ఏటొద్దు. రేపే ఎల్లిపోదాం!”

అమ్మ మూట కట్టడానికి చీర వెతుకుతుండగానే ఊరి పెద్ద వచ్చాడు.

“కొత్తల పండుగ గాకముందే కొత్త బియ్యం వండితివేందయ్యా? దేవునికి పెట్టకముందు మేం ముట్టం. మీరు తిన్నరా?”

నాన్నకు చిర్రెత్తింది. “సుట్టాల్ని పిలిసినోడు ముందు కూకుని తింటాడేటి? మరేద తెలీనోలమనుకున్నావా?”

పెద్దాయన గుండిగలోకి తొంగి చూశాడు. గరిటె కూడా పడలేదు. అప్పుడే నా కడుపు కూడా గట్టిగా సాక్ష్యం చెప్పింది. ఆయన పకపకా నవ్వాడు.

“అవ్, తినలే! గట్లయితే ఏం గాలె. అన్నం వాగుల చేపలకెయ్యి. పండుగ దాక ఆ వడ్లు ముట్టకు.”

ఇంటినిండా వడ్లు పెట్టుకుని పండుగ దాకా జొన్నగటకే తిన్నాం. నాన్న రోజూ గాదె మూత తడిమి చూసేవాడు. ఎలుకలకని అనేవాడు, చూపు మాత్రం నా మీదే.

పండుగ పొద్దున పెద్దాయన మళ్ళీ వచ్చాడు. వెంట సగం ఊరు.

“బావా, అందరికన్న ముందు పండింది నీ చేనే. దేవునికి ముందుగాల నీ గింజలే పెట్టాలె. తే, జల్దీ!”

ఆ ‘బావా’ అన్న పిలుపు వినగానే నాన్న గబగబా తలపాగా చుట్టాడు. చేట నిండా వడ్లు పోసి తలపాగా మీద పెట్టుకున్నాడు. దేవుడి గుడిసె మా చేను పక్కనే. నాన్న మాత్రం ఊళ్ళోకి తిరిగి, ప్రతి ఇంటి ముందు నుంచీ, పెళ్ళికొడుకులా నిదానంగా నడిచాడు. వెనకున్న వాళ్ళలో ఒక్కరూ ఆయన్ని తొందరపెట్టలేదు.