ఆదరణ కూడికలో పెళ్లిపాట

మా అనకాపల్లి చర్చి సంఘంలో ఎవరింట ప్రార్థన కూడిక జరిగినా మొదటి పాట ఎత్తేది నేనే. నేను పల్లవి అందుకుంటే మిగతావాళ్లు కలుస్తారు. గుడిలోకి కీబోర్డు వచ్చింది గానీ, ఇళ్లలో ఇంకా నోరే వాయిద్యం. డెబ్బై దాటినా నేను పుస్తకం చూడను. కళ్లజోడు సర్దుకుంటూ పేజీలు తిప్పే నా ఈడువాళ్లను చూస్తే నాకు నవ్వు. అది భక్తి కాదు, టెక్కు. నాకు తెలుసు, ఒప్పుకునేదాన్ని కాదంతే.

మొన్న వానాకాలంలో మా వీధిలో ఒకతను చనిపోయాడు. నలభై నిండలేదు. అచ్యుతాపురం వెళ్లే కంపెనీ బస్సు కోసం నిలబడిన చోటే గుండె ఆగి పడిపోయాడు. సమాధి చేసిన మూడో రోజు సాయంత్రం వాళ్లింట్లో ఆదరణ కూడిక పెట్టారు. అతని భార్య గోడకు చేరబడి కూర్చుంది. ఏడ్చి ఏడ్చి ముఖం ఉబ్బిపోయింది. పాస్టరుగారు నావైపు చూసి, "పెద్దమ్మా, పాట ఎత్తండి" అన్నారు.

కళ్లు మూసుకుని ఎత్తుకున్నాను. పల్లవి అయింది. ఎవరూ కలవలేదు. దుఃఖంలో గొంతులు పెగలడం లేదేమో అనుకుని, ఇంకాస్త గట్టిగా చరణం అందుకున్నాను. పెండ్లికుమారుడు అన్న మాట నోటి నుంచి వచ్చాక గానీ నాకు తెలిసిరాలేదు. పెళ్లికూతుర్ని గుడిలోకి తీసుకొచ్చేటప్పుడు పాడే పాట అది. ఆ మాట దగ్గరే ఆపేశాను. సిగ్గుతో తలెత్తలేకపోయాను.

అప్పుడు గోడ దగ్గర్నుంచి ఒక గొంతు వినిపించింది. ఆ అమ్మాయే. నేను వదిలేసిన మాట దగ్గరే అందుకుని, కారుతున్న కన్నీళ్లు తుడుచుకోకుండా పాడింది. ఒక్కొక్కరే కలిశారు. ఆఖరి చరణం దాకా పాడాం.

ప్రార్థన అయ్యాక ఆమె చేతులు పట్టుకున్నాను.

"నా బుర్ర పాడైపోనాదే తల్లీ. నన్ను క్షమించు."

"అదేటి పెద్దమ్మా, అలాగంటావు? మా పెళ్లికి నువ్వు పాడిన పాటే కదా. ఆయనకీ ఇష్టమే."

వాళ్ల పెళ్లి నాతవరంలో, ఆమె పుట్టింట జరిగింది. నేను వెళ్లనేలేదు. మొగుణ్ణి మట్టిలో పెట్టి వచ్చిన మనిషి, నా పరువు నిలబెట్టడానికి ఓ అబద్ధం వెతుక్కుంది.

ఇంటికొచ్చి అన్నం ముట్టలేదు. నాకంటే ముందు మా సంఘంలో పాట ఎత్తిన పెద్దావిడే కళ్లముందు మెదిలింది. ఓ గుడ్ ఫ్రైడే ఆరాధనలో ఆవిడ చరణం మరిచిపోయి తడుముకుంటుంటే, ఊపిరి తీసుకునే వ్యవధైనా ఇవ్వకుండా నేను అందుకున్నాను. ఆవిడ నోట్లోంచి పాట లాగేసుకున్నాను. అప్పుడు నాకు నలభై. "వయసైపోయాక తప్పుకోవాల" అని గుమ్మం దగ్గర ఆవిడకు వినబడేలా అన్నాను కూడా. ఆ తరవాత ఆవిడ మళ్లీ పాట ఎత్తలేదు. క్షమించమని అడుగుదామంటే ఇప్పుడు ఆవిడ లేదు.

కానీ పోయేదాకా ప్రతి ఆదివారం చాప మీద తన పక్కన నాకు చోటు ఉంచేది. ఇంకెవరైనా కూర్చోబోతే చీర చెంగు పరిచి ఆపేది. పాట ఎత్తే మనిషికి ఆ మర్యాద ఉండాల్సిందే అనుకుని, ఒక్కసారైనా ఆవిడ ముఖం చూడకుండా కూర్చునేదాన్ని.