బెల్గాం ఫియట్‌కు బయానా

పొద్దున పది గంటలకు జకరయ్య ఫోన్‌లో యాభై వేలు అని కొట్టి, పంపబోతూ ఆగాడు. బెల్లంపల్లి గని వర్క్‌షాపులో ముప్పై ఏళ్ళు ఫిట్టరుగా చేసి రిటైరైన మనిషికి 1964 నాటి ఫియట్ కారు కొనాలని ఎన్నాళ్ళ నుంచో కోరిక. అది బెల్గాంలో దొరికింది. అమ్మే దానియేలు "బ్రదర్" అంటూనే, బయానా ఈరోజే పంపమన్నాడు.

"బ్రదర్ అనంగనే పంపుడేనా?" అంది భార్య రాహేలు. "మన చర్చిల కొత్తోళ్ళు చేరాలంటే పాత పాస్టర్ చీటీ అడుగుతం. గాయన చీటీ ఏది?"

"కారుకు బాప్తీస్మం ఇయ్యవోతున్ననా, చీటీ అడుగనీకి?"

అలా అన్నాడే గాని, దానియేలుది ఏ చర్చో కనుక్కుని, తమ పాస్టరు ద్వారా అక్కడి పాస్టరుకు ఫోన్ చేయించాడు. ఆ బెల్గాం పాస్టరు సాయంత్రం స్వయంగా వెళ్ళి చూసొచ్చి చెప్పాడు: "మనిషి మంచివాడే. కారు కూడా బాగుంది. కాగితాలు మాత్రం వాళ్ళన్న పేరు మీద ఉన్నాయి."

చీటీ మనిషి నడత చెబుతుంది గాని బండి ఎవరిదో చెప్పదని జకరయ్యకు అర్థమైంది. బయానా పంపలేదు. అన్నను కూడా సోమవారం ఆర్టీవో ఆఫీసుకు తీసుకురమ్మని దానియేలుకు చెప్పి, తనకూ రాహేలుకూ బెల్గాంకు రైలు టికెట్లు తీశాడు. సంతకాలు అయ్యాకే, అన్న ఖాతాలోకి, కారు ధర మొత్తం మూడు లక్షలు.