క్లీనర్ వైపు తలుపు

తాటిపాక దాటి రాజోలు వైపు పోతుండగా స్కూటరు మీద ఒకాయన వెనకనుంచి హారన్ మోగిస్తూ వచ్చాడు. దారి అడుగుతున్నాడనుకుని పాపారావు తన పికప్ వ్యానును రోడ్డు అంచుకు జరిపాడు. ఆయన దాటిపోలేదు. పక్కపక్కనే వస్తూ, చెయ్యి ఊపి, ఆగమని సైగ చేశాడు.

పాపారావు ఆపాడు. ఆపడమంటే ఒక్క వ్యానును ఆపడం కాదు. దాని వెనక కొక్కేనికి ఒక ఇల్లు తగిలించి ఉంది. రెండు చక్రాల మీద ఇనప చట్రం, చట్రం మీద రేకు గోడలు, పైన కాస్త వంపు తిరిగిన కప్పు, కుడి గోడకి పసుపు రాసి బొట్లు పెట్టిన టేకు ద్వారబంధం, దానికి మామిడి తోరణం. అంబాజీపేటలో బయలుదేరింది మొదలు దారి పొడుగునా జనం పనులు మాని చూస్తున్నారు. ఎదురొచ్చిన కొబ్బరికాయల లారీ డ్రైవరు ఒకడు పాపారావును గుర్తుపట్టి, గృహప్రవేశానికి పిలవలేదేం గురూ అని కేకేసి మరీ పోయాడు. ఈ స్కూటరాయన కూడా ఆ బాపతే అనుకున్నాడు పాపారావు.

"ఆయ్, నమస్కారమండి. నా పేరు గంగబాబండి. అంతర్వేది పల్లిపాలెంలో పడవలు బాగుచేస్తానండి," అని వచ్చినాయన ముందు తన పరిచయం తను చేసుకున్నాడు. వ్యానులో కూర్చున్న సూర్యకుమారికి కూడా నమస్కారం పెట్టాడు. తర్వాత ట్రైలరు చుట్టూ ఒక ప్రదక్షిణం చేసి వచ్చి, చెప్పలేక చెప్పినట్టు అన్నాడు. "ఏమీ అనుకోకండి బాబాయి గారూ. ఈ తలుపులోంచి పిన్ని గారు దిగితే తిన్నగా లారీ కిందికే దిగుతారండి."

పాపారావుకి తలకెక్కలేదు. అంతలో రాజోలు బస్సు ఒకటి ట్రైలరు కుడి గోడని రాసుకున్నంత దగ్గరగా పోయింది. ఆ గాలికి తోరణంలో రెండాకులు తెగి రోడ్డు మీద పడ్డాయి. అప్పుడెక్కింది.

మన దేశంలో బండి ఎడమ పక్కన పోతుంది. కాబట్టి దిగేవాడు ఎడమ వైపు దిగాలి. ఆ వైపే గట్టు, చెట్టు, టీ కొట్టు ఉంటాయి. ఇది ఆటో ఎక్కే పిల్లలకి కూడా తెలుసు. పాపారావుకి తెలియక కాదు. కానీ ఆయన జన్మంతా అంబాజీపేట కొబ్బరి లారీలు తోలాడు. లారీవాళ్ల లెక్కలో కుడీ ఎడమా ఉండవు, డ్రైవరు వైపూ క్లీనర్ వైపూ ఉంటాయి. నాగపూరులో దిగినా, ఇండోరులో దిగినా, అర్ధాంతరంగా టైరు పేలి ఏ అడవిలో దిగినా ఆయన కుడి తలుపులోంచే దిగాడు. ఎడమ తలుపు ఎలా తెరుచుకుంటుందో క్లీనర్లని అడగాలి. అలాంటి మనిషికి కుడి గోడలో తలుపు కోస్తుంటే ఎక్కడా ఎబ్బెట్టుగా తోచలేదు. ఇంట్లో ఇల్లాలికి వంటింటి తలుపు ఎలాగో, ఆయనకి అది అలా అనిపించింది.

తప్పులో సగం అది. తక్కిన సగం వాస్తుది.

మన తాతలు గూడుబండ్లలో పెళ్లిళ్లకీ తీర్థాలకీ తిరిగారు. చాప వంచి కట్టిన ఆ గూటికి ముందూ వెనకా ఖాళీయే. దాని సింహద్వారం ఎటుందని ఏ సిద్ధాంతినీ అడిగినట్టు వినలేదు. కాలవల మీద పడవలోనే వండుకు తిని, పడవలోనే పిల్లల్ని కన్నవాళ్లు కూడా తూర్పు ఎటని వెతుక్కోలేదు. నీళ్లు ఎటు తిప్పితే అదే తూర్పు. కానీ పాపారావు కట్టినదానికి ద్వారబంధం ఉంది. ద్వారబంధం వచ్చిందంటే గడప వచ్చింది, గడప వచ్చిందంటే పద్ధతులు వచ్చాయి. గడప మీద కూర్చోకూడదు, గడపకి అటూ ఇటూ నిలబడి వస్తువు ఇచ్చి పుచ్చుకోకూడదు. ఇంటా కాని, బయటా కాని పని ఒకటి చక్కబెట్టడానికి సాక్షాత్తు అంతర్వేది నరసింహస్వామికే గడప కావలసివచ్చింది కదా. అందుకని పాపారావు సిద్ధాంతి నాగదుర్గాప్రసాద్ గారి దగ్గరికి వెళ్లి, కదిలే ఇంటికి తలుపు ఎటు పెట్టాలండీ అని అడిగాడు. ఆయన కాసేపు ఆలోచించి, ఆవుకి దిక్కెక్కడిదయ్యా, కట్టుగొయ్యని బట్టే, అన్నారు. అంటే బండి నిలిపిన చోటే లెక్క. ట్రైలరు పెరట్లో ఉత్తరం వైపు మూతి పెట్టి ఉంది. తూర్పు దాని కుడి చెయ్యి. ద్వారాలూ కిటికీలూ కలిపి సరి సంఖ్య రావాలి కాబట్టి ఒక తలుపు, మూడు కిటికీలు. మంచి ఘడియ చూసి, కొబ్బరికాయ కొట్టి, పేరంటాళ్ల చేత పసుపు రాయించి ద్వారబంధం నిలబెట్టారు. అందరూ అక్షింతలు వేశారు. బండి రోడ్డెక్కితే ఏమవుతుందని ఒక్కరూ అనలేదు. అక్షింతలు వేసినవాళ్లలో సగం మంది లారీవాళ్లే.

ఇప్పుడు రోడ్డు మీద నిలబడి ఇదంతా గంగబాబుకి చెప్పుకొస్తుంటే పాపారావుకే నవ్వొచ్చింది. కానీ వ్యాను వైపు చూడగానే ఆ నవ్వు ఆగిపోయింది. సూర్యకుమారి దిగి వచ్చి, ఎడమ గోడకున్న కిటికీ కమ్ముల మీద చెయ్యి వేసి నిలబడి ఉంది.

ఆ కిటికీ గురించి చెప్పాలంటే ఆమె గురించి చెప్పాలి.

సూర్యకుమారి చాలా ఏళ్లు కువైట్లో ఒకరింట్లో వంట చేసింది. వాళ్లు మంచివాళ్లే. తిండికి లోపం లేదు, మాటకి లోపం లేదు. వంటింటి పక్కన, బట్టలుతికే యంత్రానికి ఆనుకుని ఆమెకొక గది ఇచ్చారు. దానికి కిటికీ లేదు, పైకప్పు దగ్గర గాలికొక కన్నం ఉండేది. తలుపుంది కానీ లోపల గడియ లేదు. పిల్లలు ఎప్పుడు పడితే అప్పుడు తోసుకొచ్చేవారు. బయటికి అడుగు పెట్టాలంటే మేడమ్ గారికి చెప్పి పెట్టాలి. దీన్ని ఆమె ఏనాడూ కష్టంగా చెప్పలేదు. తిరిగొచ్చాక ఒకసారి ఆనపకాయ చెక్కు తీస్తూ చెప్పింది, అంతే. ఆ కాలమంతా పాపారావు ఏ ఊళ్లో లారీ ఆపితే ఆ ఊరి నుంచి ఫోను చేసి, ఇక్కడ నారింజ తోటలున్నాయి, ఇక్కడ నది రాళ్ల మీద పారుతోంది, నువ్వొచ్చాక చూపిస్తా అనేవాడు. ఆ కన్నం కింద పడుకుని ఆమె దేశమంతా విన్నది.

లారీ స్టీరింగు వదిలాక ఆయన ఆ మాట నిలబెట్టుకుందామని ట్రైలరు మొదలుపెట్టాడు. ఆమె అడ్డు చెప్పలేదు కానీ షరతు పెట్టింది. "పడుకుంటే బయట కనపడే కిటికీ, లోపల నేను వేసుకునే గడియ. ఈ రెండూ నాకు నచ్చితే వస్తాను. లేదంటే కొబ్బరికాయలేసుకుని మీరే తిరగండి."

అమలాపురంలో తెల్లటి జారుడు కిటికీలు చూపిస్తే, అటూ ఇటూ జరిపి చూసి, ఆస్పత్రిలా ఉందంది. రావులపాలెంలో విప్పేసిన బస్సుల షట్టర్లు చూపిస్తే, ఎవరి పక్కనో సర్దుకు కూర్చున్నట్టుంటుందని వద్దంది. చివరికి ఆలమూరులో ఒక పాత పెంకుటిల్లు పడగొట్టి కలప అమ్ముతున్నారని తెలిసి వెళ్లారు. ద్వారబంధం అక్కడిదే. గోడకి చేరవేసిన కిటికీల్లో ఒకటి చూసి ఆమె ఆగిపోయింది. నిలువు కమ్ములు, పైన రెండు రెక్కలు, కింద రెండు రెక్కలు. కింది రెక్కలు తెరిచి, కొంగు సర్దుకుని, పక్కనున్న ఇసక గుట్ట మీద నిలువునా పడుకుంది. కలప అమ్మే మాణిక్యాలరావు గారు ఆవిడకి కళ్లు తిరిగాయనుకుని చెంబుతో నీళ్లు పట్టుకుని పరిగెత్తుకొచ్చారు. ఆమె పడుకునే ఉండి, ఇదేనండి, అంది.

ఆ కిటికీ ఎడమ గోడకి వెళ్లింది. దానికింద మంచం. బయట దోమతెర, కోనసీమలో దోమతెర లేని కిటికీ దోమలకి తీసిన వీధి తలుపే. కుడివైపు ద్వారబంధం బరువు, ఎడమవైపు కిటికీ బరువు తూగాయని పాపారావు మురిసిపోయాడు. ఇవాళ మొదటి ప్రయాణం, అంతర్వేది దాకా.

గంగబాబు తలుపు ఎడమకి మార్చాలన్నాడు. మారిస్తే కిటికీ పోవాలి. కిటికీ పోతే ఆమె రాదు. పోనీ ఎడమ పక్క చిన్న తలుపు అదనంగా కోద్దామంటే ఆ మంచం ఉండగా చోటు లేదు, ఉన్నా లెక్క బేసి అవుతుంది. కుడి ద్వారబంధం పీకేద్దామా అంటే పసుపు రాసిన గడపని పీకడం పాపారావు వల్ల కాదు. పాపారావు అన్ని వైపులా తిరిగి తిరిగి, దిగేటప్పుడు నేను ముందు దిగి లారీలు చూస్తాలే కుమారీ, అన్నాడు.

"అంటే దిగినప్పుడల్లా మీకు చెప్పి దిగాలా?" అంది సూర్యకుమారి.

ఆ మాట ఆమె గట్టిగా అనలేదు. కానీ పాపారావుకి ఆనపకాయ చెక్కు తీసిన రోజు గుర్తొచ్చింది. ఈ బండి ఇక్కడి నుంచి అంబాజీపేట పెరట్లోకి తిరిగిపోయి, కోళ్ల గూడు అవుతుందని మనసులో ఖాయం చేసుకున్నాడు.

మా షెడ్డు దాకా రండి, భోజనం చేసి ఆలోచించుకోండి అన్నాడు గంగబాబు. కోనసీమలో ఏ చిక్కుకైనా మొదటి విరుగుడు అదే. గంగబాబు భార్య సత్యవాణి చేపల పులుసుతో అన్నం పెట్టి, కారం ఎక్కువైందా పిన్ని గారూ, ఇంకాస్త వెయ్యమంటారా అని కొసరి కొసరి వడ్డించింది. సూర్యకుమారి తిన్నది కానీ చూపంతా షెడ్డులో బోర్లించిన పడవల మధ్య నిలబెట్టిన ట్రైలరు మీదే ఉంది. చెయ్యి కడుక్కుని తిన్నగా దానిలోకి వెళ్లింది. చాలాసేపు బయటికి రాలేదు. పాపారావు వెళ్లి చూస్తే, కుడి గోడ పక్కన నేల మీద గడప వైపు తిరిగి పడుకుని ఉంది. తెరిచిన తలుపులోంచి బయట పడవలు, వాటి వెనక సరుగుడు చెట్లు, ఆ పైన ఆకాశం. అదంతా ఆమెకి పడుకునే కనిపిస్తోంది.

"ఏవండీ, ఈ గడపని పీకద్దు. నా కిటికీ తీసుకొచ్చి దీన్లో కూర్చోబెట్టండి," అంది.

పాపారావు తెల్లబోయాడు. ఆమె లేచి కూర్చుని విడమరిచి చెప్పింది. కిటికీ తీసిన చోట ఎడమ గోడని కిందికి కోసి ఈ తలుపు రెక్కే పెట్టాలి. కిటికీ ద్వారబంధంలో గడపకి ఆనేలా దిగాలి, పైన మిగిలిన సందుకి పలక కొట్టాలి. మంచం ఇటు రావాలి. ఒక తలుపు, మూడు కిటికీలు, లెక్క లెక్కగానే ఉంటుంది.

"మరి గడపో?" అన్నాడు పాపారావు.

"ఎక్కడికి పోద్ది? అక్కడే ఉంటుంది. ఇన్నాళ్లూ కాళ్లతో దాటేం, ఇక చూపుతో దాటుదాం."

సిద్ధాంతి గారిని ఓ మాట అడుగుదామని పాపారావు ఫోను తీశాడు. ఆమె చేత్తోనే వారించింది. "ఆయన్ని అడగద్దు. లారీ కిందికి దిగేది ఆయన కాదు."

సత్యవాణి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. గంగబాబు ఆయ్ అంటూ అప్పటికే రంపం వెతుకుతున్నాడు.

ఆ పూటా మర్నాడూ పని సాగింది. ఎడమ తలుపుకి పడవ గదికి వేసే సన్నపాటి చట్రం సరిపోయింది. వాన నీరు లోపలికి రాకుండా గంగబాబు చుట్టూ రబ్బరు పట్టీ తిప్పాడు, కింద ఒక మెట్టు అతికించాడు. ద్వారబంధంలో కిటికీ వదులైతే పాపారావు చెక్కలు చెక్కి బిగించాడు. తోరణం అక్కడే ఉండిపోయింది. గడియ మాత్రం సూర్యకుమారి ఎవరినీ ముట్టుకోనివ్వలేదు. ఏ ఎత్తులో ఉండాలో తలుపు వేసి, తీసి, నిలబడి, మంచం మీద కూర్చుని చెయ్యి చాచి చూసుకుంది. మరలు తనే తిప్పింది. రెండు వంకరగా వెళ్లాయి. వంకరైతే ఏం, పడుతోంది, అంది.

సాయంత్రం గోదారి సముద్రంలో కలిసే చోటికి బండిని తీసుకెళ్లారు. పాపారావు క్లీనర్ వైపు గట్టుకి వచ్చేలా, కిటికీ వైపు నీళ్లుండేలా చూసి చూసి నిలిపాడు. గంగబాబు, సత్యవాణి కొత్త ఇంటికి వచ్చినట్టే అరటిపళ్ల అత్తం పట్టుకుని వచ్చారు. సూర్యకుమారి లోపలికి వెళ్లి తలుపు వేసుకుంది. గడియ పడిన చప్పుడు బయట ముగ్గురికీ వినిపించింది. ముగ్గురూ మాటలు ఆపి, ఏదో పూజ జరుగుతున్నట్టు నిలబడ్డారు. అలా నిలబడడం బాగాలేదని తోచి గంగబాబు మళ్లీ పడవల ధోరణి ఎత్తుకున్నాడు.

ఎంతసేపటికో గడియ తీసిన చప్పుడైంది. ఆమె మెట్టు దిగింది. వాళ్ల వైపు చూసినట్టే ఉంది కానీ ఆగలేదు. ఇప్పుడే వస్తానని భర్తకి చెప్పలేదు, వెళ్లొస్తానని సత్యవాణికి చెప్పలేదు. బండి ముందునుంచి చుట్టి అవతలికి నడిచింది.

"పిన్ని గారు ఎటండీ?" అంది సత్యవాణి.

పాపారావు లోపలికెళ్లి మంచం మీద, ఆమె పడుకున్న చోటే ఒరిగాడు. కింది రెక్కలు తెరిచే ఉన్నాయి. పసుపు గడప మీదుగా, కమ్ముల మధ్య నుంచి సూర్యకుమారి కనిపించింది. చీర కుచ్చెళ్లు కాస్త ఎత్తి పట్టుకుని తడి ఇసకలో నీళ్ల వైపు పోతోంది. చెప్పులు ఇక్కడే, మెట్టు మీద ఉన్నాయి.