దానమ్మకి చూపున్న రోజుల్లో

గుంటూరు కళ్ళాసుపత్రిలో డాక్టరమ్మ దానమ్మ కళ్ళలోకి లైటు వేసి చాలాసేపు చూసింది. తర్వాత కుర్చీ వెనక్కి జరుపుకుని, పక్కన నిలబడ్డ జకరయ్యతో మాట్లాడింది.

"నీటికాసులు, పెద్దాయనా. ఎడమకన్ను పూర్తిగా పోయింది. కుడికన్ను చుట్టూతా మూసుకుపోయి మధ్యలో కాస్త మిగిలింది. చుక్కల మందు వేస్తూ ఉండండి. పోయిన చూపు మాత్రం తిరిగి రాదు. ఉన్నది ఎన్నాళ్ళుంటుందో నేను చెప్పలేను. నాలుగేళ్ళ ముందు తీసుకొచ్చుంటే బాగుండేది."

సరిగ్గా నాలుగేళ్ళ కిందటే దానమ్మ మొగుడితో చెప్పింది, దీపం చుట్టూ రంగురంగుల చక్రాలు కనపడుతున్నాయని, పక్కనుంచి ఎవరొస్తున్నా తెలియట్లేదని. "చత్వారమేలే, వయసొస్తే అందరికీ వచ్చేదే" అన్నాడు జకరయ్య. ఆ శనివారం ఇంటికొస్తూ తెనాలి స్టేషను బయట గొడుగు కింద అమ్మే కళ్ళజోడు ఒకటి కొనుక్కొచ్చాడు. ఆమె దాన్ని పెట్టుకుని "బాగానే కనపడతందిలే" అంది. ఆ మాటతో వాళ్ళిద్దరూ ఆ సంగతి వదిలేశారు.

వాళ్ళది రేపల్లె దగ్గర, నగరం అనే ఊరి పక్కన చిన్న పల్లె. దానమ్మ నాట్ల ముఠాకి పెద్ద. ఆమె వేసిన వరస దారం పట్టి గీసినట్టు ఉంటుందని రైతులు చెప్పుకునేవాళ్ళు. ఆఖరి రెండేళ్ళూ ఆ వరస వంకర పోతుంటే, వెనకొచ్చే ఆడవాళ్ళు ఆమెకి చెప్పకుండా సరిచేసేవాళ్ళట. ఆ సంగతి జకరయ్యకి తర్వాతెప్పుడో తెలిసింది. అతను ముప్ఫై ఏళ్ళు తెనాలి నిమ్మకాయల యార్డులో బస్తాలు మోశాడు. వారమంతా అక్కడే పడుకుని, శనివారం సాయంత్రం రేపల్లె పాసింజరు ఎక్కి వచ్చేవాడు. ఆదివారం గుడిలో పక్కన కూర్చుంటే, అతని చొక్కా ఎన్నిసార్లు ఉతికినా నిమ్మకాయ వాసనే.

ఆసుపత్రి నుంచి తిరిగొస్తుంటే బస్సులో దానమ్మ అడిగింది.

"ఏవయ్యా, నాకు తెనాలి చూపిస్తావా?"

"తెనాల్లో ఏముందే చూట్టానికి?"

ఆమె ఎప్పుడడిగినా ముప్ఫై ఏళ్ళుగా అతను చెప్పిన జవాబు అదే. అలవాటు కొద్దీ నోట్లోంచి వచ్చేసింది. వెంటనే నాలిక్కరుచుకున్నాడు గానీ, దానమ్మ అప్పటికే మొహం కిటికీ వైపు తిప్పుకుంది. ఆ కిటికీలోంచి ఆమెకి ఎంత కనపడుతోందో అతనికి తెలియదు.

నాట్లు అయిపోయాక ఒక బుధవారం బయల్దేరారు. గుంటూరు నుంచి కూతురు జెస్సీ ఫోను చేసి కారు మాట్లాడతానంది. "కారెందుకే, మీ నాన్న ఎక్కిన రైలే ఎక్కుతా" అంది దానమ్మ. పులిహోర కలిపి స్టీలు డబ్బాలో సర్దింది. సీసాలో నీళ్ళు పోసుకుంది. రేపల్లెలో బండి బయల్దేరే చోటే ఎక్కారు కాబట్టి కిటికీ పక్కన చోటు దొరికింది.

తెనాలి స్టేషను దాటి రోడ్డు మీదకొచ్చాక జకరయ్య ఆగిపోయాడు. ఎటు తీసుకెళ్ళాలో అతనికి తెలియలేదు. ముప్ఫై ఏళ్ళలో అతను నడిచింది స్టేషను నుంచి యార్డుకి, యార్డు నుంచి భోజనం మెస్సుకి. వీపు మీద బస్తాతో తల వంచుకు నడిచేవాడికి కాళ్ళ ముందు రోడ్డు తప్ప ఊరు కనపడదు. సిగ్గు చంపుకుని, టీ బంకు దగ్గర ఉన్న ఆవిణ్ణి అడిగాడు.

"అమ్మాయ్, కొత్తగా వచ్చినోళ్ళు ఈ ఊళ్ళో ఏం చూస్తారు?"

ఆవిడ గ్లాసులు కడుగుతూనే నవ్వింది. "పైసా ఖర్చు లేకుండా చూడాలంటే కాలవలు చూడండి బాబాయ్. మూడూ పక్కపక్కనే పోతాయి, వంతెన మీద నిలబడితే కనపడతాయి. తర్వాత బొమ్మల షెడ్లకి పోండి, చూస్తామంటే ఎవరూ కాదనరు. సాయంత్రం నాటకాలోళ్ళు రిహార్సల్ వేసుకుంటారు, గుమ్మంలో కూర్చున్నా ఏమనరు."

వాళ్ళు అలాగే చేశారు. వంతెన మీద దానమ్మ ఒక్కో కాలవ దగ్గరా ఆగింది. గొట్టంలోంచి చూసినట్టే కనపడేది ఆమెకి. అందుకని తల మెల్లగా తిప్పుతూ, నీళ్ళని ఈ గట్టు నుంచి ఆ గట్టు దాకా ముక్కలు ముక్కలుగా చూసుకుంది. వెనక మోటారుసైకిళ్ళు హారన్లు కొడుతుంటే జకరయ్య ఆమె భుజం పట్టుకుని నిలబడ్డాడు.

బొమ్మల షెడ్డులో శిల్పి పేరు బ్రహ్మయ్య. మట్టి చేతులు గుడ్డకి తుడుచుకుంటూ ఎదురొచ్చాడు. అక్కడ ఒక పెద్దమనిషి విగ్రహం ఎత్తు దిమ్మ మీద నిలువెత్తున ఉంది, ఇంకా పచ్చిమట్టి. దానమ్మ దాని దగ్గరకి పోయి కాలి బొటనవేలి నుంచి చూడటం మొదలెట్టింది. పంచె కుచ్చిళ్ళు, చేతి గడియారం, చొక్కా గుండీలు. గుండీలు దాటాక ఆమె చూపుకి పైన అందలేదు.

"అమ్మగారికి చూపు..." అని బ్రహ్మయ్య మెల్లగా అడిగాడు.

"పోతోందండి" అన్నాడు జకరయ్య.

బ్రహ్మయ్య స్టూలు తెచ్చి వేసి, అది కదలకుండా తనే గట్టిగా పట్టుకున్నాడు. దానమ్మ ఎక్కి ఆ మట్టిమొహాన్ని జానెడు దూరంలోంచి చూసింది. "ఈయనెవరు బాబూ?" అంది. పాతికేళ్ళ కిందట పోయిన ఒక పల్లెటూరి మేష్టారట, శిష్యులు చేయించుకుంటున్నారట. "పోయినాయన మొహం ఇంత బాగా ఎలా గుర్తుంది నీకు?" అని ఆశ్చర్యపోయింది. "నేనెప్పుడూ చూళ్ళేదమ్మా. వాళ్ళావిడ పక్కన కూర్చుని చెప్పింది" అన్నాడు బ్రహ్మయ్య.

సాయంత్రం నాటకం రిహార్సల్లో లుంగీ కట్టుకున్న ముసలాయన ఒకడు హార్మోనియం పక్కన నిలబడి, రాజుగారి పద్యం ఎత్తుకుని మధ్యలో దగ్గొచ్చి ఆగిపోయాడు. దానమ్మ పకపకా నవ్వింది. ఆయన కోప్పడకుండా, "ఏంటమ్మా, రాజులకి దగ్గు రాదా?" అని మళ్ళీ మొదలెట్టాడు. ఇంటికొచ్చాక రెండు రోజులు ఆ మాట చెప్పుకుని నవ్వుతూనే ఉంది. ముప్ఫై ఏళ్ళలో ఎన్ని బుధవారాలు ఇలా గడిచుండేవో అని జకరయ్య లోపల్లోపలే కుమిలిపోయాడు.

ఆ తర్వాత సముద్రం చూపిద్దామని బాపట్ల తీసుకెళ్ళేసరికి క్రిస్మస్ దగ్గరపడింది. ఈసారి చెరుకుపల్లి మీదుగా బస్సు. అప్పటికి దానమ్మ చూపు గొట్టం ఇంకా సన్నబడింది. భావనారాయణస్వామి గుడి గాలిగోపురం ఎదుట రోడ్డు మీద నిలబడి, కింద నుంచి పైకి తల ఎత్తుతూ పోయింది. శిఖరం చేరేలోపే కళ్ళలో నీళ్ళు కారాయి, ఎండ వల్లో మరెందువల్లో. అక్కణ్ణుంచి సూర్యలంక సముద్రం ఒడ్డుకి షేరాటో. గుంటూరు నుంచి వచ్చిన కాలేజీ పిల్లలు సర్దుకుని, "ఇటు కూర్చోండి మామ్మగారూ" అని చోటిచ్చారు.

సముద్రం ముందు నిలబడి దానమ్మ అడిగిన మొదటిమాట, "ఇంతేనా?"

అంత సముద్రంలో ఆమెకి దక్కింది అరచేతి వెడల్పు. ఆమె తల కుడి నుంచి ఎడమకి, ఎడమ నుంచి కుడికి తిప్పుతూ ఉంది. చివర దొరకడం లేదు. జకరయ్య ఇసకలో కూలబడ్డాడు.

"నాదే తప్పు దానమ్మా. నువ్వు చెప్పిన రోజునే ఆసుపత్రికి తీసుకుపోవాల్సింది."

ఆమె వెనక్కి తిరగలేదు. "అవును. నేను చెప్పా. నువ్వు విన్లేదు."

అలా అంటుందని అతను అనుకోలేదు. నీ తప్పేం లేదయ్యా అంటుందని ఎదురుచూశాడు.

"ఇప్పుడేడవమాక" అంది దానమ్మ. "ఏడుస్తే నిన్ను చూసుకోవాలి నేను. సముద్రాన్ని చూడనీ."

మధ్యాహ్నమంతా చూసింది. పులిహోర కూడా నిలబడే తింది.

మంచి శుక్రవారం నాటికి ఆ కాస్త వెలుగూ ఆరిపోయింది. జెస్సీ వచ్చి వారం ఉండి, తనతో గుంటూరు రమ్మని బతిమాలింది. దానమ్మ ఒప్పుకోలేదు. జకరయ్య వంట నేర్చుకున్నాడు. రోజుకి రెండుసార్లు ఆమె చేయి పట్టుకుని చెరువు వైపు నడిపించేవాడు. తెనాల్లో నాటకం ఉంది, విందువుగాని రమ్మంటే రానంది. "ఇప్పుడు పోతే చూసింది కాస్తా కలగాపులగం అయిపోద్ది. వద్దు."

మొదట్లో చూసినవన్నీ తనే చెప్పేది, కాలవ గట్టున ఆరేసిన చీరల రంగులతో సహా. వానాకాలం వచ్చేసరికి మాటలు తగ్గాయి. ఒకరోజు పొద్దున్నే, అరుగు మీద బియ్యంలో రాళ్ళు వేళ్ళతో తడిమి ఏరుతూ ఆగిపోయింది.

"లోపల కూడా పోతన్నాయయ్యా. ఆ మేష్టారి మొహం నిన్నటిదాకా ఉంది, ఇవాళ రావట్లేదు. సముద్రం కూడా ఏదో తెల్లగా తప్ప... ఎట్టుందో నువ్వు చెప్పు."

జకరయ్య చెప్పాలని నోరు తెరిచాడు. ఎంత తవ్వుకున్నా ఏమీ రాలేదు. ఆ రోజు ఎక్కడ తడబడి పడుతుందోనని అతను చూసింది ఆమె పాదాల్ని. తర్వాత ఆమె మొహాన్ని.

"నేను సముద్రం చూళ్ళేదే" అన్నాడు. "నీ వంకే చూస్తా ఉండిపోయా."

దానమ్మ చేట పక్కన పెట్టింది. కోపమొచ్చిందేమోనని అతను భయపడ్డాడు. ఆమె చేతులు దులుపుకుని, "పోనీ అదే చెప్పు" అంది.

అతను చెప్పడం మొదలెట్టాడు. చీర అంచు తడిసిందన్నాడు. గాలికి జుట్టు మొహాన పడుతుంటే తోసుకుంటూనే ఉన్నావన్నాడు. ఆ తర్వాత కళ్ళు తుడుచుకుంటూ ఆగిపోయాడు. ఆమె చేట మళ్ళీ ఒళ్ళో పెట్టుకుని, బియ్యం ఏరుతూ, అతనికి మాట వచ్చేదాకా అలాగే కూర్చుంది.